పాత బడిని కూల్చొద్దు, ఊరి అవసరాలకు ఇవ్వండి

వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

కృష్ణా డెల్టాలోని మా గ్రామ ప్రజలు, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పూర్వ విద్యార్థులు సమర్పించుకునే విన్నపం.

విషయం: తాలూకా బోర్డు కాలం నాటి పాఠశాల భవనం కూల్చివేతను నిలిపివేసి, మరమ్మతు చేయించి, గ్రామ ఉమ్మడి అవసరాలకు అప్పగించవలసిందిగా కోరుట గురించి.

ప్రతులు: జిల్లా పరిషత్ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానికి, జిల్లా గ్రంథాలయ సంస్థకు, మండల పరిషత్‌కు, గ్రామ పంచాయతీకి.

అయ్యా,

మా ఊరి నడిమధ్యన, మంచినీళ్ల చెరువు పక్కన ఉన్న పాత బడి భవనాన్ని శిథిల భవనాల జాబితాలో చేర్చారు. దాన్ని కూల్చి కలప, ఇటుక, పెంకు వేలం వేస్తారని తెలిసింది. పిల్లలు కొత్త గదుల్లోకి మారారు కాబట్టి పాత భవనంతో పని తీరిపోయిందని కాగితం మీద రాసుకుని ఉండవచ్చు. బడిగా దాని పని తీరిపోయిందేమో గానీ, ఊరికి దానితో పని తీరలేదు. ఆ మాట చెప్పుకోవడానికే ఈ వినతిపత్రం.

కొత్త భవనం వచ్చినందుకు మాకు సంతోషమే. 2019లో మొదలైన ‘మన బడి నాడు–నేడు’ పనుల వల్ల రాష్ట్రంలో ఎన్నో బడులకు నీళ్లు, మరుగుదొడ్లు, ఫ్యాన్లు, మంచి బల్లలు వచ్చాయి. మా పిల్లల్ని తిరిగి పాత గదుల్లో కూర్చోబెట్టమని ఎవరూ అడగడం లేదు. 2025 జూలైలో రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన ఏ తల్లీ పాత గోడల కింద బిడ్డను కూర్చోబెట్టడానికి ఒప్పుకోదు, అధికారులు భయపడటంలోనూ తప్పు లేదు. మేమడిగేదల్లా ఒకటే. భయపడ్డ ప్రతి చోటా గునపం పట్టుకోవద్దు. ముందు పరీక్ష చేయించండి. నిలబెట్టగలిగితే నిలబెట్టండి. నిలబెట్టాక అది ఏ ఒక్కరి చేతిలోకీ పోకుండా ఊరందరి చేతికీ ఇవ్వండి.

భవనం వయసు గురించి ముందుగా చెప్పాలి. దక్షిణం వైపు గుమ్మానికి కుడి పక్కన గోడలో నల్లరాతి పలక ఒకటి ఉంది. ఏళ్ల తరబడి వేసిన సున్నం కింద అక్షరాలు మూసుకుపోయాయి. పొరలు గీకి చూస్తే ‘తాలూకా బోర్డు’ అన్న మాట స్పష్టంగా కనబడుతుంది, ఏడాది అంకెలు మాత్రం చెక్కుకుపోయాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 నాటి స్థానిక బోర్డుల చట్టంతో తాలూకా బోర్డులు వచ్చాయి, 1934లో రద్దయ్యాయి. కనుక ఈ కట్టడానికి ఎంత తక్కువ లెక్క వేసినా తొంభై ఏళ్లు దాటాయి. 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చాక పల్లెల్లో బడుల సంఖ్య పెరిగింది, స్థానిక బోర్డులు విద్య కోసం పన్ను వేసుకునే వీలు కూడా ఆ చట్టం వల్లే కలిగింది. అంటే ఆ రోజుల్లో పల్లెటూరి బడి గోడల్లో సర్కారు డబ్బుతో పాటు రైతు కట్టిన పన్ను, ఊరు ఇచ్చిన స్థలం, కూలీ చేసిన చాకిరీ కలిసి ఉన్నాయి. తాలూకా బోర్డు పోయింది, బడి జిల్లా బోర్డు కిందికి వచ్చింది. 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి, 1986 చట్టంతో మండల పరిషత్తులు వచ్చాయి. బోర్డు మీద పేరు మారిన ప్రతిసారీ బడి మాత్రం అక్కడే ఉంది.

కట్టడం గురించి కూడా నాలుగు మాటలు వినండి. పొడవాటి హాలు, దానికి అటూ ఇటూ ఒక్కో గది, ముందు వరండా, వరండాకు గుండ్రటి ఇటుక స్తంభాలు. గోడలు డంగుసున్నంతో కట్టినవి. ఎడ్లు తిప్పే గానుగలో సున్నం, ఇసుక కలిపి నూరి, పూతకు బెల్లపు నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు వాడేవారని పెద్ద మేస్త్రీలు చెబుతారు. దూలాలు రంగూను టేకువి, పైన మంగుళూరు పెంకు. హాలు గోడలో నల్లబల్ల విడిగా తగిలించింది కాదు, గోడతో పాటే మెత్తగా నునుపు చేసి కట్టింది. దాని కింది అంచున సుద్దముక్క పెట్టుకునే గాడి ఇప్పటికీ చేతి వేలికి తగులుతుంది. కిటికీలు నేలకు దగ్గరగా మొదలవుతాయి, కింద కూర్చున్న పిల్లవాడికి గాలి తగలాలని. ఎదురెదురుగా ఉండటంతో మే నెలలో కూడా ఆ హాలులో ఫ్యాన్ లేకుండా కూర్చోవచ్చు. పక్కనే ఉన్న స్లాబు గదిలో మధ్యాహ్నం పన్నెండు దాటాక నిలబడటం కష్టం.

ఇప్పుడు దాని జబ్బు సంగతి. నైరుతి మూల పెంకు జారి, నీళ్లు దిగి, ఒక దూలం కొస నానింది. వరండా మీద రావి మొక్క వేరు పోసింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ బాగు చేద్దామనుకున్న వాళ్ల చేతిలోనే తగిలింది. ఎప్పుడో గోడల అడుగు భాగానికి మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత పూశారు. డెల్టా నేలలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. సున్నపు గోడ ఆ చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మకు బయటకు దారి ఉండదు. అది పైకి ఎగబాకి, ఉప్పు పొంగి, సిమెంటు అంచు పైన ఉన్న మంచి గోడను పొడి చేస్తుంది. మా గోడలు సరిగ్గా ఆ గీత పైనే రాలుతున్నాయి. చూసినవాళ్లు ‘గోడ పాడైంది’ అంటున్నారు. గోడ పాడవలేదు, గోడకు ఊపిరాడటం లేదు. ఆ సిమెంటు ఊడదీసి ఆరనిచ్చి మళ్లీ సున్నపు పూత పూస్తే నిలబడే గోడ అది.

మరో మాట. 1980ల్లో, 1990ల్లో వేసిన స్లాబు గదుల గతి చాలా ఊళ్లలో చూస్తున్నాం. ఉప్పు గాలికి కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు రాలతాయి, చివరకు చువ్వలు బయటపడతాయి. అలాంటి గదినీ, తొంభై ఏళ్ల సున్నపు భవనాన్నీ ఒకే నమూనా పత్రంలో ఒకే గడిలో ‘శిథిలం’ అని రాయడం న్యాయం కాదు. ఇనుము లేని గోడకు తుప్పు పట్టదు. దాని బలహీనతలు వేరు, మందు వేరు.

ఈ భవనం బడిగానే కాకుండా ఇంకా దేనికి పనికొచ్చిందో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఎన్నికలొస్తే పోలింగ్ కేంద్రం ఇదే. టీకాలు, కంటి పరీక్షల శిబిరాలు, డ్వాక్రా సమావేశాలు, పొలం పాసు పుస్తకాల సభలు ఇక్కడే జరిగాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పది వేల మంది దాకా చనిపోయారు. ఆ తుపానుకు డెల్టా పల్లెల్లో తాటాకు ఇళ్లు, మట్టి ఇళ్లు నేలమట్టమైతే జనం పరుగెత్తింది పక్కా గోడలున్న గుడులకు, బడులకు. మా పెద్దవాళ్లు ఈ వరండాను చూసే చూపులో ఆ రాత్రి ఉంది. వాళ్లలో కొందరు ఈ కాగితం మీద వేలిముద్ర వేశారు.

ఇంకొక చరిత్ర కూడా ఉంది. అది గర్వంగా చెప్పుకునేది కాదు, అయినా చెప్పి తీరాలి. తాలూకా బోర్డుల కాలంలో బడి తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. చాలా ఊళ్లలో బడి గుడి ఆవరణలోనో, అగ్రహారంలోనో, సత్రంలోనో నడిచేది. అక్కడికి దళితుల పిల్లలు అడుగు పెట్టే వీలు ఉండేది కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ దళితులకు ‘ఆది ఆంధ్ర’ అన్న పేరును ముందుకు తెచ్చింది. ఆ తరంలో చదువు కోసం జరిగిన పోరాటం చిన్నది కాదు. మద్రాసు ప్రభుత్వం లేబర్ శాఖ కింద వారికి విడిగా బడులు నడిపింది కూడా. మా బడి పాత అడ్మిషన్ రిజిస్టరులో కులం గడిలో ‘ఆది ఆంధ్ర’ అని రాసిన పేర్లు మొదట్లో అక్కడొకటి, ఇక్కడొకటి కనబడతాయి. తర్వాతి పుస్తకాల్లో పేజీ పేజీకీ పెరుగుతాయి. తండ్రి సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర, ఆ వేలిముద్ర వేసిన మనిషి మనవడికి అదే రిజిస్టరులో సొంత సంతకం. ఈ భవనాన్ని నిలబెట్టమని అడిగేవాళ్లలో ఆ కుటుంబాల వాళ్లే ముందున్నారు. గెలిచి సంపాదించుకున్న చోటు తమ కళ్ల ముందు మట్టిదిబ్బ కాకూడదని వాళ్ల పట్టుదల, ఊరంతటి పట్టుదల కూడా.

ఇలాంటి పని ఎక్కడా జరగనిది కాదు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఈనాటికీ పాఠకులకు తలుపులు తెరిచే ఉంచింది. పాత పత్రికల కోసం పరిశోధకులు దూరాల నుంచి ఆ చిన్న ఊరికి వస్తారు. తెలంగాణలో కామారెడ్డి జిల్లా దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. సముద్రం దాటి వెళితే, అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో 1912–1932 మధ్య నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,000 బడులు కట్టారు. బుకర్ టి. వాషింగ్టన్ ఆలోచన, జూలియస్ రోజెన్‌వాల్డ్ విరాళం, వాటికి తోడు ఆ పల్లెల పేద జనం తమ కష్టార్జితంలోంచి వేసుకున్న చందాలు. 1954లో వేరు బడులు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు చెప్పాక కాలక్రమంలో అవి మూతపడ్డాయి. చాలావాటిని కూల్చేశారు. 2002లో అక్కడి జాతీయ వారసత్వ ట్రస్టు వాటిని ప్రమాదంలో ఉన్న కట్టడాలుగా ప్రకటించింది. మిగిలినవాటిలో ఎన్నిటినో అక్కడే చదువుకున్న ముసలివాళ్లు పూనుకుని బాగు చేయించి సామాజిక కేంద్రాలుగా, మ్యూజియంలుగా నడుపుకుంటున్నారు. ఒకప్పుడు వేరుగా కూర్చోబెట్టిన జనమే ఆ గదుల్ని అందరి కోసం తెరిచారు. మా ఊరి పాత విద్యార్థుల్లో అమెరికాలో స్థిరపడ్డవాళ్లు కొందరు ఈ సంగతి మాకు రాస్తూ, మనం ఎందుకు చేయలేమని అడిగారు. మా దగ్గర దానికి జవాబు లేదు.

ఇక మా కోరికలు.

అన్నిటికంటే ముందు, కూల్చివేత, వేలం ఆపండి. నోటి మాట చాలదు, రాతపూర్వక ఉత్తర్వు కావాలి. రంగూను టేకు దూలాల మీద కన్నున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ కలప ఒకసారి లారీ ఎక్కితే తర్వాత ఏ ఉత్తర్వు వచ్చినా ప్రయోజనం లేదు. వరండా తాళం పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంచి, లోపలి వస్తువుల జాబితా రాయించండి: దూలాలు, తలుపులు, బీరువాలు, రాతి పలక, గంటగా కొట్టిన రైలు పట్టా ముక్కతో సహా.

ఆ తర్వాత భవనాన్ని సున్నపు కట్టడాల పని తెలిసిన ఇంజనీరు చేత పరీక్ష చేయించండి. కాంక్రీటు గట్టిదనం కొలిచే సుత్తి పరికరంతో సున్నపు ఇటుక గోడను కొడితే వచ్చే అంకెకు అర్థం లేదు. పునాది, గోడ నిలువు, దూలాల కొసలు, చెమ్మ, ఉప్పు, ఇవి వరసగా చూడాలి. పురావస్తు శాఖలోనూ, వారసత్వ పరిరక్షణ కోసం 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థలోనూ ఈ పని తెలిసినవాళ్లు ఉన్నారు. వారి సలహా తీసుకోండి. వచ్చిన నివేదికను తెలుగులో గ్రామసభలో చదివి వినిపించండి. ఏ భాగమైనా నిజంగానే నిలబడదని తేలితే మేం ఒప్పుకుంటాం, ఆ భాగాన్ని దించి అదే తీరులో మళ్లీ కట్టమంటాం.

రక్షిత కట్టడంగా ప్రకటించమని మేం అడగడం లేదని గమనించ మనవి. 1958 నాటి కేంద్ర చట్టం వందేళ్లను కొలతగా పెట్టింది. ఆ కొలత అటుంచి, రక్షిత కట్టడమైతే నీలం బోర్డు, ఇనుప గేటు వచ్చి లోపల దీపం వెలగదు. మాకు వాడుకలో ఉన్న భవనం కావాలి. మనిషి మసలని ఇల్లు ఎంత మరమ్మతు చేసినా నిలవదు.

యాజమాన్యం సంగతి తేల్చడం అన్నిటికంటే ముఖ్యం, దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాం. భవనం మండల పరిషత్‌ది, స్థలం గ్రామకంఠమని కొందరు, దాత రాసిచ్చిందని కొందరు అంటున్నారు. రెవెన్యూ రికార్డులు, పాత దానపత్రం ఏదైనా ఉంటే అది, మండల పరిషత్ ఆస్తుల రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టి చూసి ఒక తీర్పు చెప్పండి. ఊరి నడిమధ్య ఖాళీ జాగా అంటే ఏమవుతుందో ఊళ్లలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ముందు చెత్త వేస్తారు, తర్వాత పాక వేస్తారు, ఆ తర్వాత షాపుల సముదాయం అంటారు. కాబట్టి భవనాన్ని, స్థలాన్ని సర్వే చేసి హద్దు రాళ్లు పాతించి, మండల పరిషత్ తీర్మానంతో గ్రామ పంచాయతీకి బదలాయించండి. బదలాయింపు పత్రంలో షరతులు ఉండాలి: అమ్మకూడదు, దీర్ఘకాలం లీజుకు ఇవ్వకూడదు, వ్యాపార దుకాణాలు కట్టకూడదు, ఏ పార్టీ కార్యాలయానికీ ఏ మతానికీ కేటాయించకూడదు, ఆవరణలో విగ్రహాలు పెట్టకూడదు. చివరి షరతు కొందరికి నచ్చదని తెలుసు. ఒక విగ్రహం వస్తే దానికి పోటీగా రెండోది వస్తుంది, రెండో దానితో తగవు వస్తుంది. ఈ ఆవరణలో తగవు మాకొద్దు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ప్రాథమిక విద్య, గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యక్రమాలు, సామాజిక ఆస్తుల నిర్వహణ ఉన్నాయి. ఈ భవనం వాటన్నిటికీ చెందుతుంది.

మరమ్మతు పనికి మామూలు టెండరు నమూనా పెట్టవద్దు. అంచనా పత్రంలో సున్నం, ఇటుక, టేకు, పెంకు అని రాసి ఉండాలి. సిమెంటు పూత, తళతళలాడే టైల్సు, ఫాల్స్ సీలింగ్, స్టీలు రెయిలింగ్ వద్దని కూడా రాసి ఉండాలి. ముందు కప్పు, తర్వాత గోడలు, చివర్లో రంగు. ఈ వరస తప్పితే రెండు వానాకాలాల్లో డబ్బంతా మళ్లీ నీళ్ల పాలవుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువైపోయారు. ఒకరిద్దర్ని పిలిపించి, మా మండలం కుర్రవాళ్లను వాళ్ల దగ్గర పనికి పెట్టండి. భవనం బాగుపడుతుంది, చేతి పనీ మిగులుతుంది. రాతి పలకను, గోడలోని నల్లబల్లను ఎవరూ ముట్టుకోకూడదు.

వాడకం విషయంలో ఊళ్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం, అందరి మాటా కలిసింది గ్రంథాలయం దగ్గర. పెద్ద హాలు పఠన మందిరం కావాలి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మా ఊరి వాళ్లూ కడుతున్నారు, మా ఊళ్లో మాత్రం పుస్తకం అరువిచ్చే చోటు లేదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి, అయ్యంకి వెంకటరమణయ్య లాంటివారు ఊరూరా గ్రంథాలయాలు తెరిపించిన ప్రాంతం మనది. ఈరోజు కానిస్టేబుల్ పరీక్షకో, డీఎస్సీకో, గ్రూప్స్‌కో చదివే మా పిల్లలు, నెలకు వేలు పోసి పట్నంలో స్టడీ హాలులో కుర్చీ అద్దెకు తీసుకుంటున్నారు. ఆడపిల్లలకైతే అదీ కుదరదు, ఇంట్లో పంపరు. రాత్రి తొమ్మిది దాకా దీపం, ఫ్యాను, నెట్, ఒక వరస పుస్తకాలు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి, వెలుతురున్న దారి. ఇవి చాలు. జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖనైనా, పుస్తక నిక్షిప్త కేంద్రాన్నైనా ఇక్కడ పెట్టించండి. రెండు గదుల్లో ఒకటి డ్వాక్రా గ్రామ సంఘానికి సమావేశాలకూ కుట్టు శిక్షణకూ, రెండోది వారానికోసారి వైద్య శిబిరానికి, మిగతా రోజుల్లో వృద్ధులు కూర్చుని పేపరు చదువుకోవడానికి. తుపాను రోజుల్లో మొత్తం భవనం ఆశ్రయం. దానితో తుపాను షెల్టరు అవసరం తీరిందని మాత్రం దయచేసి లెక్కలో రాసుకోవద్దు.

పెళ్లిళ్లకు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద ఊళ్లో అభిప్రాయ భేదం ఉంది. మా మాట ఇది: ఇవ్వొద్దు. ఊళ్లో కల్యాణ మండపం ఉంది. డీజే పెట్టెల దెబ్బకు పెంకు జారడం ఒకటి, పెళ్లి సీజనులో చదువుకునే పిల్లలు గేటు బయట నిలబడటం రెండోది.

తాళం ఎవరి చేతిలో ఉంటే భవనం వాళ్లదవుతుంది. సర్పంచి మారితే తాళం మారకూడదు. నిర్వహణ సంఘంలో పంచాయతీ కార్యదర్శి, ప్రధానోపాధ్యాయులు, గ్రామ సంఘం ప్రతినిధి, పూర్వ విద్యార్థులు ఉండాలి. సగం మంది స్త్రీలు, దళితవాడ నుంచి తప్పనిసరిగా ఇద్దరు. హాలు ఎవరికి ఎప్పుడిచ్చారో రాసే పుస్తకం వరండాలో బల్ల మీద అందరూ చూసేలా ఉండాలి. రుసుము అందరికీ ఒకటే. ఏడాదికోసారి లెక్కలు గ్రామసభలో చదవాలి.

పాత రిజిస్టర్ల సంగతి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాం. ప్రధానోపాధ్యాయుల గదిలోని బీరువాలో అడ్మిషన్ రిజిస్టర్లు చెదపురుగుల పక్కనే ఉన్నాయి. పుట్టిన తేదీ రుజువుకు, పాస్‌పోర్టులో తప్పు దిద్దుకోవడానికి, కుల ధ్రువీకరణకు, వారసత్వ తగాదాకు ఇప్పటికీ జనం ఆ పుస్తకాల దగ్గరికే వస్తారు. కొన్ని పేజీలు పట్టుకుంటే చేతిలో పొడి అవుతున్నాయి. వాటిని వెంటనే జాగ్రత్తగా ఫొటో తీయించి, అసలు ప్రతుల్ని భద్రపరచండి. ఫొటోలు ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టవద్దు. అందులో మనుషుల కులం, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు ఉన్నాయి. కావలసినవాళ్లు తమ కుటుంబం వివరం అడిగి తీసుకునే ఏర్పాటు చాలు.

డబ్బు ఎక్కడిదని మీరు అడగకముందే మేం ఆలోచించాం. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టుబడినవి, 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోదగినవి. పంచాయతీ నిధుల్లో అలా వాడుకోదగిన భాగం నుంచి కొంత కేటాయించమని గ్రామసభ తీర్మానిస్తుంది. పార్లమెంటు సభ్యులకు ఏటా 5 కోట్ల రూపాయల స్థానికాభివృద్ధి నిధి ఉంది. సామాజిక ఆస్తులకు అందులోంచి ఇవ్వవచ్చు, మీ సిఫారసు కావాలి. పుస్తకాలు, ఫర్నిచరు, జీతం గ్రంథాలయ సంస్థ భరించాలి. మిగతాది మేం వేసుకుంటాం. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు ముందుకొచ్చారు. వాళ్లకు మేం చెప్పింది, మీకూ చెబుతున్నాం: ఎంత ఇచ్చినా దాతల పేర్లన్నీ ఒకే పలక మీద ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి, భవనానికి ఎవరి పేరూ పెట్టరు, ముఖద్వారానికి ఆర్చి కట్టరు. ఈ షరతుకు ఒప్పుకున్న డబ్బే తీసుకుంటాం. కూలి పని ఇస్తామన్నవాళ్ల పేర్లూ అదే పలక మీద ఉంటాయి.

చివరిగా, ఇది మా ఒక్క ఊరి బాధ కాదు. తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు, మిషన్లు, జమీందారులు, ఊరి దాతలు కట్టించిన బడులు జిల్లాలో ఇంకా మిగిలే ఉన్నాయి. 1956కు ముందు కట్టిన ప్రతి బడి భవనాన్నీ గుర్తించి, ఫొటో, కొలతలు, శిలాఫలకం పాఠంతో ఒక జాబితా తయారు చేయించండి. ఆ జాబితా పూర్తయ్యేదాకా వాటిలో ఏ ఒక్కదాన్నీ మామూలు శిథిల భవనాల లెక్కలో కూల్చవద్దని జిల్లా అంతటికీ ఉత్తర్వు ఇవ్వండి. ఆ పలకల మీది రాతల్ని చదివి రాసిపెట్టే పనికి డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థులు చాలు.

నైరుతి రుతుపవనాలు వచ్చేలోపు నైరుతి మూల కప్పు మీద కనీసం టార్పాలిన్ పట్టా కప్పడానికి, రావి మొక్కను వేరుతో తీయించడానికి మాకు అనుమతి ఇవ్వండి. ఖర్చు మాదే, మనుషులం మేమే. పాడుబడ్డ భవనంలోకి వెళ్లకూడదన్న బోర్డు గేటుకు తగిలించి ఉంది కాబట్టి, మీ రాత లేకుండా లోపల అడుగు పెట్టం.

మీరు ఒక్కసారి స్వయంగా వచ్చి భవనాన్ని చూసి, గ్రామసభకు తేదీ నిర్ణయించి, ఆ సభలో మీ నిర్ణయం చెప్పవలసిందిగా ప్రార్థిస్తున్నాం. అంతవరకు వేలం ప్రకటనను వెనక్కి తీసుకుంటూ ఈ వారంలోనే ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
గ్రామ ప్రజలు, డ్వాక్రా గ్రామ సంఘం సభ్యులు,
మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పూర్వ విద్యార్థులు

జతపరచినవి: శిలాఫలకం ఫొటో, భవనం నాలుగు వైపుల ఫొటోలు, గ్రామస్తుల సంతకాలు, వేలిముద్రలు.